మెంబరుగారి భుజాలు

"తాలింఖానాలో చేరానమ్మా!" అన్నాడు మా పక్కింటి ప్రసాదరావు.

"తాలింపు కాలిందా? లేదురా, ఆవాలు చిటపటమనగానే దింపేశానే!" అంది వాళ్లమ్మ రత్నమాణిక్యమ్మగారు.

గోడకు ఇవతల నేను, అవతల వాళ్లు. పావుగంటసేపు కొడుకు కండల గురించీ, తల్లి కరివేపాకు గురించీ వాదించుకున్నారు. ఇక లాభం లేదని నేనే గోడమీంచి తల పెట్టి, "పిన్నిగారూ, అది తిండి వండే చోటు కాదండీ, తిన్నది కరిగించే చోటు. చందా కట్టి కసరత్తు చేస్తారక్కడ" అని విడమర్చి చెప్పాను.

"తిన్నది కరిగించుకోటానికి చందా కూడానా నాయనా?" అని ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది.

అయ్యా, మన జాతిని ముంచింది ఈ ముక్కు మీది వేలే! ఆ వేలు తీసి డంబెల్సు మీద వేసుంటే ఈపాటికి మనం ఎక్కడుండేవాళ్లం?

నేను కుండబద్దలు కొట్టి చెబుతున్నాను. వ్యాయామశాలలో మెంబరు కావటమంత చవకైన వైభోగం ఈ ఏలూరులో మరొకటి లేదు. చందా నెలకు అర్ధరూపాయి! అసలు ఖరీదు వేరే ఉంటుందని కొందరు గిట్టనివాళ్లు గొణుగుతారు. ఉంటుందండీ, ఎవరు కాదన్నారు? ఆ ఖరీదులోనే ఘనతంతా ఉందని నా వాదన.

మా క్లబ్బు పేరు ఆదర్శ శరీర సంస్కార సంఘం. కాలవగట్టున పాత పొగాకు గోడౌనులో ఉంది. సెక్రటరీ పాండురంగారావుగారు ప్లీడరు. ఇంగ్లీషులో 'ఫిజికల్ కల్చర్' అన్న మాటను ముందు పెట్టుకుని ఒక రాత్రల్లా నిఘంటువులతో కుస్తీ పట్టి ఆ పేరు సాధించారు. సంఘంలో జరిగిన కుస్తీల్లో చెప్పుకోదగ్గది అదొక్కటే.

నేనూ మెంబర్నే. రోజూ వెళ్లి పేముకుర్చీలో కూర్చుని పత్రిక చదువుతాను. ఎదుట డంబెల్సు ఉంటాయి. వాటిని కొన్నది డంబానికి గనక వాటి జోలికి ఎవరూ పోరు. మాలో చాలామంది తీసేవి దండీలు కావు, సెక్రటరీగారికి పెట్టే దండాలు! దాంతోనూ నడుం వంగుతుంది కదా!

నిజంగా కసరత్తు చేసినవాడు ప్రసాదరావొక్కడే. వాడి అవసరం అలాంటిది.

వాడికి చిన్నప్పుడు సన్నిపాత జ్వరం వచ్చి మనిషి దక్కడనుకున్నారట. "వీణ్ణి బతికించు స్వామీ, పెద్దయ్యాక వీడి వీపు మీదే నీ కొండెక్కి నీ దర్శనం చేసుకుంటాను" అని రత్నమాణిక్యమ్మగారు ద్వారకా తిరుమల వెంకన్నకు మొక్కుకుంది. స్వామి తన మాట నిలబెట్టుకున్నాడు. వీడు పెద్దవాడయ్యాడు. కాని పొడుగే పెరిగాడు. ప్రసాదరావు శరీరం అచ్చంగా ప్రసాదమే. కళ్లకద్దుకోవాలి గాని కడుపు నిండదు! వాళ్లమ్మ పేరులో రత్నమూ ఉంది, మాణిక్యమూ ఉంది. ఆ బరువు ఊరికే పోతుందా? పైగా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఇంటి అరుగు దిగాలన్నా గోడ పట్టుకునేది.

"ఈ వైశాఖంలో కల్యాణానికి నన్ను మోసుకెళ్తావురా? ఇంకెన్నాళ్లుంటానో!" అని ఆవిడ మాఘమాసంలో అడిగింది. మర్నాడే వీడు క్లబ్బులో చేరాడు.

కసరత్తు నేర్పేందుకు మా సంఘం సిరాజుద్దీన్ సాహెబుగారిని పెట్టుకుంది. ఊళ్లో అందరూ ఉస్తాదు అంటారు. క్లబ్బులో మాత్రం ఇన్‌స్ట్రక్టరు అనాలి. ఆయన ప్రసాదరావు నడుం తట్టి చూసి, ఒక గోనెలో సగానికి తడి ఇసుక పోయించి వీపుకు కట్టాడు.

"నిండా పోస్తే పోలేదాండీ?" అన్నాను నేను కుర్చీలోంచి.

"నిండు బస్తా కదలదండీ. అమ్మగారు కదులుతారండి. మెట్టు మెట్టుకీ అటూ ఇటూ ఒరుగుతారు. చచ్చిన బరువు ఎవరైనా మోస్తారండి, బతికిన బరువుకే నడుం కావాలి."

అలా ఆ కదిలే గోనెతో రోజూ కాలవరేవు మెట్లు ఎక్కటం, దిగటం. ఒంటి మీద చెమట ఆరకముందే పాలు తాగాలని ఉస్తాదు షరతు. ఇంకేం, రత్నమాణిక్యమ్మగారు తెల్లారకుండానే గేదె పాలు పితికి, పాలచెంబు కొంగుచాటున పెట్టుకుని రేవుకు వచ్చేది. మొదట్లో గట్టు మీదే కూలబడి, "పైకి రారా సన్నాసీ, పాలు చల్లారిపోతున్నాయి!" అని కేకలేసేది. వీడు రాడు. కేకలతో పని కాక ఆవిడే మెట్లు దిగటం మొదలుపెట్టింది.

ఫాల్గుణం వచ్చేసరికి ప్రసాదరావు వీపు వెడల్పయింది. చొక్కా పిగిలింది. ఊళ్లో అందరి కళ్లూ ఆ చిరుగు మీద పడ్డాయి.

ఇక వైభోగం చూడండి!

మా పేటవాళ్లకు శరీరానికి చేసే సంస్కారం అంటే ఒకటే తెలుసు. ఎవరింట పీనుగ లేచినా, "సంస్కార సంఘం మెంబరుగారున్నారా?" అని వాడి తలుపు తట్టేవారు. పాడెకు నాలుగో భుజం దొరక్క ఎన్ని శవాలు వీధిలో ఎండుతున్నాయో మీకు తెలియదు కాబోలు! వాడు చేరాక మా పేటలో జనం నిశ్చింతగా చనిపోవటం నేర్చుకున్నారు. ఒక మనిషికి ఇంతకంటే పలుకుబడి ఉంటుందా? కలెక్టరు పిలిచినా లేవనివాళ్లు వాడి భుజమెక్కి వెళుతున్నారు!

తరవాత పాండురంగారావుగారు ఇల్లు మారారు. ప్రసాదరావు ఆయన దగ్గరే గుమాస్తా. పగలు దావా కట్టలు మోసేవాడు సాయంత్రం ఇనప్పెట్టె మొయ్యకూడదని చట్టంలో ఎక్కడుంది? మోశాడు. "కూలివాళ్లను పిలుద్దామనుకున్నానండీ, మన సంఘం పరువేం కాను!" అన్నారు సెక్రటరీగారు. నిజమేగా! బరువు ఒకరిది, పరువు మరొకరిది.

ఆ తరవాత సెక్రటరీగారికి కొల్లేట్లో బాతుల వేట సరదా పుట్టింది. దోనె బురదలో కూరుకుపోయింది. దోనెవాళ్లు తొయ్యబోతే ఆయన వారించి మెంబరుగారి వంక చూశారు. వాడు నడుంలోతు బురదలో దిగి దోనెను తోశాడు. దిగేచోట ఆయన బూట్లు తడవకుండా ఆయన్నీ, తుపాకినీ, టిఫిన్ కారియరునూ కలిపి ఒడ్డుకు చేర్చాడు. తుపాకి పేలింది. బాతులన్నీ క్షేమం.

"అమ్మకోసం పెంచిన నడుమండీ అది. ఇలా ఊరంతా వాడుకుంటే ఎలాగండీ?" అన్నాడు సిరాజుద్దీన్ నాతో.

"అదే సంఘసేవ!" అన్నాను నేను పత్రిక తిరగేస్తూ.

ఇంతలో వైశాఖం వచ్చింది. కల్యాణానికి రేపుదయం రైలనగా, ఇవాళ సంఘం వార్షికోత్సవమని పాండురంగారావుగారు ప్రకటించారు. ప్రెసిడెంటు బంగార్రాజుగారు తాడేపల్లిగూడెం నుంచి వేంచేస్తున్నారు. అక్కడ వారికి రైసుమిల్లుంది. పేరులో బంగారం, తూకంలో ఇనుము!

"తక్కిన క్లబ్బులవాళ్లు ప్రెసిడెంటును మోటారులో తీసుకొస్తారు. మనది బలం పెంచే సంఘం. మనం కూడా మోటారంటే నవ్వరూ? స్టేషను నుంచి కుర్చీలో కూర్చోబెట్టి భుజాల మీద ఊరేగించాలి!" అన్నారు సెక్రటరీగారు. అందరం చప్పట్లు కొట్టాం. చప్పట్లు కూడా వ్యాయామమే.

రత్నమాణిక్యమ్మగారికి ఈ కబురు తెలిసి రేవు నుంచి తిన్నగా క్లబ్బుకు వచ్చేసింది. చేతిలో ఖాళీ పాలచెంబు.

"ఏవండీ ప్లీడరుగారూ, రేపు మావాడు నన్ను మొయ్యాలండి. ఇవాళొక్క పూట వాణ్ణొదిలేద్దురూ!"

"అయ్యో, ప్రెసిడెంటుగారు బరువుకాదండీ అమ్మగారూ, గౌరవం!" అన్నారాయన.

గురువు అంటే బరువు. గురువులోంచి పుట్టిందే గౌరవం. ప్లీడరుగారు తెలియకుండానే నిజం చెప్పేశారు.

"నేను పడతానండి కుర్చీ. ప్రసాదరావుగారి నడుం నాలుగు రోజులుగా పట్టుగా లేదండి" అన్నాడు సిరాజుద్దీన్.

"మీరు ముందు కర్ర తిప్పుతూ నడవాలి సాహెబుగారూ! లేకపోతే ఊరేగింపుకు కళేం ఉంటుంది?"

ప్రసాదరావు తల్లి వంకా చూశాడు, యజమాని వంకా చూశాడు. గుమాస్తా ఉద్యోగం సంగతి మీకు చెప్పాలా? భుజం మీద తువ్వాలు మడతేసుకున్నాడు.

కుర్చీకి నలుగురు కావాలి. సరిగ్గా ఆ పూటకే ఒక మెంబరు మామగారు హఠాత్తుగా పోయారట. ఆ మామగారు మర్నాడు క్లబ్బుకే వచ్చి అల్లుడి కోసం వాకబు చేశారనుకోండి, అది వేరే సంగతి. చివరికి వెనక ఇద్దరూ, ముందు ప్రసాదరావొక్కడూ మిగిలాం... మిగిలారు. మేమంతా గుండీలకు పట్టు గులాబీలు గుచ్చుకుని పక్కన నడిచాం. సహకారం లేకుండా ఏ సంఘమైనా నడుస్తుందా?

ఒక పక్క బాజాల మోత, ఒక పక్క ప్రెసిడెంటుగారి మోత! రాజులకు భుజకీర్తులుండేవని విన్నాంగాని ఆనాడే కళ్లారా చూశాం. భుజాలు ప్రసాదరావువి, కీర్తులు బంగార్రాజుగారివి.

కాలవ వంతెన మీదకు వచ్చేసరికి ఎవరో మేడ మీంచి పూలు చల్లారు. ప్రెసిడెంటుగారు పరవశించి, జనానికి నమస్కారం పెట్టటానికి కుర్చీలో అటూ ఇటూ తిరిగి, చివరకు నిలబడే పోయారు! ఉస్తాదు చెప్పిన బతికిన బరువు కదిలింది. బాజాల మధ్యనుంచి కూడా ఆ 'చటక్' నాకు వినిపించింది. ప్రసాదరావు మాత్రం కుర్చీ కింద పడనివ్వలేదు. క్లబ్బు గుమ్మం దాకా తెచ్చి, ప్రెసిడెంటుగారిని దింపి, తాను పక్కన ఒరిగిపోయాడు.

సభలో బంగార్రాజుగారు ఉపన్యసించారు. "ఇట్టి యువకులే దేశానికి వెన్నెముక!" అన్నారు. ఆ ముక్క చెవిన పడగానే బెంచీ మీద పడుకున్న ప్రసాదరావు కెవ్వుమన్నాడు. ఉత్సాహమనుకుని సభంతా కరతాళధ్వనులు చేసింది.

మర్నాడు భీమడోలు దాకా రైలు, అక్కణ్ణుంచి ఎద్దుబండి. బండిలో గడ్డి పరిచి ప్రసాదరావును బోర్లా పడుకోబెట్టాం. రైలెక్కొద్దని ఎంత చెప్పినా వాడు వినలేదు. "కొండ దగ్గరకు వెళ్లేసరికి సర్దుకుంటుందిలెండి" అని దారి పొడుగునా గడ్డికి చెబుతూ వచ్చాడు. సిరాజుద్దీన్ వాడి నడుముకు నూనె మర్దనా చేస్తూ కూర్చున్నాడు. నేను సంఘం తరఫున సానుభూతిగా కూర్చున్నాను.

కొండ కింద బండి ఆగింది. ప్రసాదరావు రెండు చేతులూ ఆనించి లేవబోయి, లేవలేక, అమ్మ కేసి చూశాడు. ఆ చూపు గురించి హాస్యం రాయటం నాకు చేతకాదు.

"డోలీ మాట్లాడనాండీ పిన్నిగారూ?" అన్నాను.

"మొక్కింది కొడుకు వీపుకి నాయనా, డోలీకి కాదు. వాడి వీపు లేదు గనక నా కాళ్లే దిక్కు" అని ఆవిడ చెంగు బిగించి మొదటి మెట్టెక్కింది.

పడిపోతుందేమోనని నేను వెనకాలే వెళ్లాను. అయ్యా, మూడు నెలలుగా రోజూ పాలచెంబుతో రేవు మెట్లు దిగి ఎక్కిన మోకాళ్లవి! నేను సగం దారిలో స్తంభం పట్టుకుని రొప్పుతూ ఉంటే ఆవిడ పైమెట్టు మీద నిలబడి, "మెల్లిగా రా నాయనా, నువ్వూ మెంబరువేగా!" అంది.

అప్పుడే ఒక భారీ విగ్రహం మా పక్కనుంచి రెండేసి మెట్లు ఎక్కుతూ దూసుకుపోయింది. చూద్దునుగదా, సాక్షాత్తూ బంగార్రాజుగారు! ఎత్తిపట్టే నాథుడు లేడు, కుర్చీ లేదు. ఒంట్లో ఆయాసం లేదు. "ఏటా కల్యాణానికి నడిచే ఎక్కుతానండి, నా మోకాళ్లు రాయి!" అని నన్ను పలకరించి మరీ వెళ్లిపోయారు.

రత్నమాణిక్యమ్మగారు ఆయన వంక తేరిపార చూసింది.

దర్శనం చేసుకుని కిందికి దిగాం. ప్రసాదరావు బండిలోంచే చెయ్యి చాచి కుంకుమ అడిగాడు. ఆవిడ వాడి నుదుట బొట్టు పెట్టి, ఇంత పులిహోర నోట్లో పెట్టింది.

"మొక్కు తీరినట్టేనా అమ్మా?" అన్నాడు వాడు.

"ఎలా తీరుతుందిరా? 'నీ కొడుకేడీ?' అని స్వామి అడిగాడు. 'రెండు కాళ్లూ దివ్యంగా ఉన్న పెద్దమనిషిని మోసొచ్చి పడుకున్నాడు స్వామీ' అని చెప్పుకున్నాను."

"ఏమన్నాడు?"

"ఏవంటాడూ! వచ్చే కల్యాణం దాకా గడువిచ్చాడు." ఆవిడ వాడి తల కింద గడ్డి సర్ది, నా గుండీకి ఇంకా వేలాడుతున్న పట్టు గులాబీ వంక ఒకసారి చూసి, మళ్లీ కొడుకు వైపు తిరిగింది. "ఆ మెంబరుతనం మానేసి మన రేవులోనే గోనె మోసుకోరా. నీ ఒంట్లో బలం ఏడాదిపాటు ఎవరికీ తెలియకపోతే, అప్పుడు నాకు మిగుల్తుంది."