నోటికి టోల్ గేటు

స్పెల్లింగ్ చెప్పనిదే పిల్లలకు ఫ్యాన్ కూడా వేయకూడదు. ఇది నా నిశ్చితాభిప్రాయం.

కోప్పడకండి. నేను పిల్లల పాలిట శత్రువును కాను. ఒక ఆఫీసులో రికార్డు సెక్షన్ చూసుకునే బాధ్యతగల గుమాస్తాను. మా వంశంలో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ని. మా అమ్మ బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసి నన్ను చదివించింది. జీవితమంతా ఆవిడ పెట్టెల మీద అక్షరాలు అంటించింది గానీ, వాటిలో ఒక్కటీ ఆవిడకు రాదు. అలాంటి ఇంట్లోంచి వచ్చినవాడికి అక్షరమంటే ఎంత భయభక్తులుంటాయో మీరే ఊహించుకోండి.

నాకు ఒక్కతే కూతురు. రెండో తరగతి. ఇంట్లో అందరం దాన్ని రేడియో అని పిలుస్తాం. ఎందుకో వేరే చెప్పాలా? నోట్లో నువ్వుగింజ నానదు.

సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి, గుమ్మంలో కూర్చుని ఒక బూటు విప్పేసరికి ప్రసారాలు మొదలయ్యేవి. వ్యాన్ డ్రైవర్ అంకుల్ ఎవరిని చూసి హారన్ కొట్టాడు, మిస్ చీర మీద చాక్‌పీస్ పొడి ఏ ఆకారంలో పడింది, వెనక బెంచీవాడు షార్ప్‌నర్‌లో వేలు పెట్టి ఎలా ఏడ్చాడు. ఇవన్నీ అయ్యాక అసలు సీరియల్. మా మెట్ల కింద, వాటర్ మీటర్ వెనకాల, జింగిడి మామ అని ఒకాయన కాపురం ఉంటాడు. ఆయన్ను రేడియో తప్ప మరెవరూ చూడలేదు. ఒంటి సాక్సులు తిని బతుకుతాడు. జత సాక్సులు ముట్టడు. అరగవట.

రెండో బూటు విప్పడానికి నాకు అరగంట పట్టేది. చదువుకున్న పౌరుడు ఒక కాలికి బూటు, ఒక కాలికి గాలితో గుమ్మంలో కూర్చుని, సాక్సులు తినేవాడి యోగక్షేమాలు వినడమేమిటి? దేశం ఎలా బాగుపడుతుంది?

ఇంతలో డిక్టేషన్‌లో రేడియోకు పదికి మూడు వచ్చాయి. 'ఇంట్లో కాస్త సాయం చేయండి' అని మిస్ రాసి పంపింది. నేను ఆ మాటను మనసుకు ఎక్కించుకున్నాను. చిన్నప్పుడు నాకు చదువులో సాయం చేసేవాళ్లు లేరు. అందుకే సాయమంటే ఎలా ఉంటుందో సొంత బుర్రతోనే ఆలోచించుకోవలసి వచ్చింది.

ఆలోచన బస్సులో తట్టింది. టోల్ గేటు దగ్గర బస్సు ఆగింది. ముందు లారీలు, వెనక కార్లు. ఎంత పెద్ద మనిషైనా ఆగుతున్నాడు, కడుతున్నాడు, గేటు లేచాక కదులుతున్నాడు. ఎంత క్రమశిక్షణ! ఇదే ఏర్పాటు మనిషి నోటికి ఎందుకు ఉండకూడదు?

ఆ సాయంత్రమే ఇంట్లో ప్రకటించాను. ఎవరు ఇంగ్లీషు మాట పలికినా అక్కడికక్కడే దాని స్పెల్లింగ్ చెప్పాలి. చెబితే గేటు లేస్తుంది. తప్పితే మొత్తం వాక్యాన్ని వెనక్కి తిప్పి మొదటి నుంచి నడుపుకుంటూ రావాలి.

"తెలుగు మాటలకో?" అంది రేడియో.

"వాటికి ఫ్రీ."

"ఫ్రీకి స్పెల్లింగ్ చెప్పు నాన్నా."

చెప్పాను. చట్టం అందరికీ ఒక్కటే కదా.

మా అమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని అంతా వింది. "నాకేమీ రావు కదరా. నేనెలా కట్టేది?" అంది. నిజమే. వయసు రీత్యా, చదువు రీత్యా ఆవిడ గదికి మినహాయింపు ఇచ్చాను. పాలన అన్నాక కొన్ని సడలింపులు తప్పవు. ఈ సడలింపు గురించి తర్వాత చెబుతాను.

ముందు లాభాలు చెప్పనివ్వండి.

మొదటి లాభం మా ఆవిడ వల్ల తెలిసింది. ఆవిడ ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. ఆ రోజు డ్యూటీ దిగి వస్తూనే, "ఏమండీ, ట్రాఫిక్‌లో ఆటో ఆగిపోయి..." అని మొదలుపెట్టింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ట్రాఫిక్ కట్టింది, ఆటో కట్టింది. తర్వాత వాక్యం ఎటు పోవాలో మరిచిపోయింది. సంచీ బల్ల మీద పెట్టి, "రోజంతా నేను జనం రక్తం తీసి వస్తాను. మీరు ఇంట్లో కూర్చుని పిల్ల రక్తం తీస్తున్నారు" అని లోపలికి వెళ్లిపోయింది. గమనించారా? ఆ రెండు వాక్యాల్లో ఒక్క ఇంగ్లీషు మాట లేదు! భాషాసేవ అంటే ఇంకేమిటి?

పక్క వాటా పిన్నిగారు స్టూలు అడగడానికి వస్తే రేడియో గుమ్మంలోనే ఆపింది. పాపం, ఆవిడ స్టూలు కట్టలేక, "నాలుగు కాళ్లది ఉంటుంది చూడమ్మా, ఎక్కుతాం" అంటూ చేతులతో చూపించింది. రేడియో మా అమ్మ మంచం చూపించింది. ఆ తర్వాత ఆవిడ ఏ వస్తువూ అడగడానికి రాలేదు. మా స్టూలు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది.

ప్లంబర్ వచ్చిన రోజు మాత్రం చిన్న ఇబ్బంది కలిగింది. "పైపు పగిలింది సార్, ముందు వాల్వు కట్టేయండి" అన్నాడు. రేడియో ఎదురు నిలబడి, "అంకుల్, పైపు, వాల్వు, సార్. మూడు" అంది. అతను నా వైపు చూశాడు. నేను నియమానికి కట్టుబడి పైపు వైపు చూశాను. "పాపా, నువ్వు రాసుకుంటూ ఉండు. ఈలోగా నీళ్లు మీ పుస్తకాల దాకా వస్తాయి" అన్నాడు. వచ్చాయి కూడా. చదువు కోసం ఆ మాత్రం తడవకపోతే ఎలా?

ఇక అసలు లాభం. రేడియోకు డిక్టేషన్‌లో పదికి తొమ్మిది వచ్చాయి!

ఇప్పుడేమంటారు?

మార్కులతో పాటు పిల్ల తెలుగు కూడా బాగుపడింది. ఫ్యాన్ అనదు, "గిరగిరా తిరిగేది వేయండి" అంటుంది. ఫ్రిజ్ తెరవాలంటే చల్లపెట్టె అంటుంది. స్విచ్ దాని నోట్లో మీట అయింది. తర్వాత ఆ శ్రమ కూడా మానేసింది. గిరగిరా తిరిగేది అనడానికి బదులు చెమట పట్టించుకుని ఊరుకోవడం నేర్చుకుంది. కరెంటు ఆదా.

ఆ తర్వాత ఇల్లు ప్రశాంతంగా మారింది. చీమ చిటుక్కుమంటే వినిపించేది. సాయంత్రం నేను వచ్చి గుమ్మంలో కూర్చుంటాను. రెండు బూట్లూ టకటకా విప్పేస్తాను. ఎవరూ అడ్డు రారు.

"ఇవాళ స్కూల్లో ఏమైందే?" అని నేనే అడిగేవాణ్ని. స్కూలుకు టోల్ కూడా నేనే కట్టేవాణ్ని.

"ఏం కాలేదు నాన్నా."

"అసలేమీ కాలేదా? డ్రైవర్ అంకుల్ హారన్ కొట్టలేదా?"

రేడియో వేళ్లు మడిచేది. డ్రైవర్, అంకుల్, హారన్. లెక్క వేసుకునేది. "లేదు" అనేది.

"మరి జింగిడి మామ?"

"ఊళ్లో లేడు."

చూశారా, ఎంత పొదుపు! మునుపు అరగంట పట్టే పని ఇప్పుడు ఒక్క ముక్కలో ముగిసిపోతోంది. మిగిలిన సమయంలో నేను గోడకేసి చూస్తూ కూర్చునేవాణ్ని. గోడలు చూడడం ఆరోగ్యానికి మంచిదని ఎక్కడా చదవలేదు గానీ, చెడ్డదని కూడా చదవలేదు.

ఇంకో సంగతి. మా ఇంట్లో ఒంటి సాక్సులు మాయం కావడం ఆగిపోయింది. ప్రతి సాక్సూ దాని జతతోనే ఉంది. ఉతికి, ఆరేసి, మడత పెట్టి, వరసగా. ఆ వరస చూడగానే నేను బీరువా తలుపు మూసేసేవాణ్ని. దుమ్ము పడుతుందని.

స్కూల్లో మిస్ పిలిపించింది. మెచ్చుకుంటుందని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

"మార్కులు బాగా పెరిగాయండి" అంది.

"సాయం చేయమన్నారు కదండీ."

"అవునండీ. కానీ పాప క్లాసులో నోరు విప్పడం లేదు. మొన్న కథ చెప్పమంటే లేచి నిలబడి, మళ్లీ కూర్చుంది. ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉందండి. క్రమశిక్షణ."

"ఓహో" అంది మిస్.

నేను రికార్డు సెక్షన్ మనిషిని. పై ఆఫీసర్లు రాసే ఎన్నో రకాల ఓహోలు చూశాను. ఇలాంటిది చూడలేదు. దారి పొడవునా అది నా వెంటే వచ్చింది.

ఇంటికి వచ్చి గుమ్మంలో కూర్చున్నాను. ఒక బూటు విప్పాను. అప్పుడు వినిపించింది. మా అమ్మ గదిలోంచి, తలుపు చాటునుంచి, ఫుల్ సౌండులో రేడియో!

"...అప్పుడు జింగిడి మామకి పెళ్లిచూపులు నానమ్మా. వ్యాన్ మాట్లాడుకుని వెళ్లాడు. డ్రైవర్ అంకులేమో హారన్ మీదే కూర్చున్నాడు. అమ్మాయి వాళ్ల ఇల్లు ఫ్రిజ్ కింద. ఆ అమ్మాయి పెన్ను క్యాపులు మాత్రమే తింటుందంట. మరి కాపురం ఎలా?"

"ఎలాగే మరి?" అంది మా అమ్మ. నిజంగా దిగులు పడిపోయిన గొంతుతో.

వ్యాన్, డ్రైవర్, అంకుల్, హారన్, ఫ్రిజ్, పెన్ను, క్యాపు. ఒక్కదానికీ టోల్ కట్టకుండా లారీల్లా దూసుకుపోతున్నాయి. నేనిచ్చిన మినహాయింపులోంచి ఎంత సరుకు రవాణా అయిపోతోందో అప్పుడు అర్థమైంది. ఊళ్లో లేడన్న జింగిడి మామ ఇన్నాళ్లూ ఈ గదిలోనే ఉన్నాడు!

ఒక కాలికి బూటుతోనే వెళ్లి తలుపు తోశాను. ప్రసారం ఆగిపోయింది.

"చెప్పు చెప్పు. ఊరికే విందామని వచ్చాను" అన్నాను.

రేడియో నానమ్మ వైపు చూసింది. నానమ్మ రేడియో వైపు చూసింది.

"ఈ గదికి కూడా గేటు ఉంది నాన్నా" అంది రేడియో.

"ఇక్కడ టోల్ లేదన్నాను కదా?"

"నువ్వు పెట్టింది లేదు. ఇది మేం పెట్టుకున్నది. లోపలికి రావాలంటే ఒక అబద్ధం చెప్పాలి. కొత్తది. ఎవరూ చెప్పనిది."

అబద్ధం! నేనా? పుట్టి బుద్ధెరిగాక నేను ఆఫీసులో దొంగ సెలవు చీటీ కూడా పెట్టలేదు. అయినా ప్రయత్నించాను.

"మా ఆఫీసులోకి ఏనుగు వచ్చింది."

"అది నానమ్మ నిన్ననే చెప్పేసింది."

"మా ఆఫీసరు ఇవాళ టైముకి వచ్చాడు."

మా అమ్మ పకపకా నవ్వింది. రేడియో నవ్వలేదు. "అది అబద్ధమో కాదో నాకెలా తెలుస్తుంది? మీ ఆఫీసర్‌ని నేను చూడలేదు" అంది. న్యాయమే.

"అమ్మా, నువ్వైనా చెప్పవే" అన్నాను.

"నేనేం చెప్పనురా? నీ చిన్నప్పుడు నువ్వు ఇంతకన్నా సోది చెప్పేవాడివి. ఫ్యాక్టరీ నుంచి వచ్చి నిలువుకాళ్ల మీదే వినేదాన్ని. ఏ గేటూ పెట్టలేదు" అంది. అని, రేడియో జడ విప్పి మళ్లీ అల్లడం మొదలుపెట్టింది.

నాకు ఉక్రోషం వచ్చింది. పట్టభద్రుణ్ని, ఇంటి యజమానిని, నా ఇంట్లో ఒక గది గుమ్మంలో ఒంటి బూటుతో నిలబడి ఉన్నాను. సరే, అబద్ధాలు పక్కన పెట్టి, ఉన్న విషయం గంభీరంగా చెబుదామనుకున్నాను. గొంతు సవరించుకున్నాను.

"చూడు తల్లీ. ఆ స్పెల్లింగుల గేటు నీ మంచికే పెట్టాను. దానివల్ల మన ఇల్లు ఎంతో ప్రశాంతంగా ఉంది. నాకు చాలా సంతోషంగా ఉంది."



ఇద్దరూ విరగబడి నవ్వారు. మా అమ్మకు దగ్గు వచ్చింది. రేడియో మంచం మీద దొర్లింది. నా వెనక నుంచి మా ఆవిడ నవ్వు కూడా వినిపించింది. ఎప్పుడొచ్చిందో, అంతా విన్నట్టుంది.

"పాస్!" అంది రేడియో. మంచం మీద కాస్త జరిగి నాకు చోటిచ్చింది. "ఇదే అన్నిటికన్నా పెద్దది నానమ్మా, కదా?"

"ఏనుగు కంటే పెద్దదే తల్లీ" అంది మా అమ్మ.

వెళ్లి కూర్చున్నాను. జింగిడి మామ కాపురం ఎలా కుదిరిందో పూర్తిగా విన్నాను. ఆ వివరాలు బయటికి చెప్పనని ఒట్టు వేశాను.

ఇప్పుడు నా కష్టం మీకు అర్థమై ఉంటుంది. ఆ గది గేటు చాలా కఠినమైనది. ఒకసారి కట్టింది రెండోసారి చెల్లదు. రోజుకో కొత్త అబద్ధం కావాలి, వినగానే ఇద్దరికీ నవ్వు రావాలి. సత్యసంధుడికి ఇదెంత కష్టం! అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని, మొదటి వాక్యం నుంచీ ఇంత పొడుగ్గా రాసుకొచ్చాను. లోపలికి తీసుకెళ్లి చదివి వినిపిస్తాను. ఇవాళ్టి టోల్ ఇదే.

సరిపోతుందనే అనుకుంటున్నాను. లోపల అప్పుడే ప్రసారం మొదలైంది, నేను వెళ్లాలి. ఇందాక విప్పి పెట్టిన సాక్సుల్లో ఒకటి కనబడడం లేదు. వెతకను.