రేడియో మాస్టారి మౌనం

భూగోళశాస్త్రం చెప్పే ప్రొఫెసరుగారిని యూనివర్సిటీలో అందరూ రేడియో మాస్టారు అనేవారు. ఒకసారి మొదలుపెడితే గంట కొట్టేదాకా ఆగేవారు కాదు. పిల్లలు ఆవలిస్తే గొంతు పెంచేవారు, కునికితే ఇంకాస్త పెంచేవారు. అధ్యాపకుల బోధన మెరుగుపరచాలని ఆ ఏడాది యూనివర్సిటీ నడుం కట్టడంతో ఆయనకు చిక్కొచ్చిపడింది. శాఖాధిపతి స్వయంగా వచ్చి క్లాసు చూస్తుందట. ఆవిడకు నచ్చకపోతే, ఆయన ప్రాణంగా చూసుకునే నదుల పాఠం ఇంకొకరి చేతికి పోతుంది.

అధ్యాపకులకు శిక్షణ ఇవ్వడానికి వచ్చినాయన చెప్పిన సూత్రం ఒక్కటే. ప్రశ్న అడగండి, చిరునవ్వుతో ఆగండి, జవాబు వచ్చేదాకా ఆకాశం విరిగి మీద పడ్డా నోరు విప్పకండి.

శాఖాధిపతి క్లాసుకు వచ్చే రోజు పొద్దున్నే మాస్టారు అద్దం ముందు నిలబడి సాధన మొదలుపెట్టారు.

"టీయా, కాఫీయా?" వంటింట్లోంచి భార్య అడిగింది.

ఆయన చిరునవ్వుతో ఆగారు.

"మిమ్మల్నే! మా తమ్ముడు వస్తున్నాడన్నందుకా ఈ అలక?" ఆవిడ గుమ్మందాకా వచ్చింది.

మళ్ళీ చిరునవ్వు.

"సరే, నేనూ మాట్లాడను" అని ఆవిడ విసవిసా ఆఫీసుకు వెళ్ళిపోయింది. మాస్టారి మనసు చివుక్కుమంది. సాయంత్రం నచ్చజెప్పుకోవచ్చులే అనుకున్నారు.

ఆయన క్లాసులో అడుగుపెట్టేసరికి శాఖాధిపతి ఇంకా రాలేదు. ఏటి ఒడ్డున ఏరుకొచ్చిన బరువైన రాయిని ఎడమచేత్తో పట్టుకుని, "నది తిన్నగా పోకుండా ఎందుకు వంకర్లు తిరుగుతుంది?" అని అడిగి ఆగారు.

పిల్లలు పెన్నులు పట్టుకుని జవాబు కోసం చూశారు. మాస్టారు నోరు విప్పలేదు. ఆయన మౌనంగా ఉండడం వాళ్ళెవరూ ఎరగరు. వెనక బెంచీల్లో నిద్రపోతున్నవాళ్ళు ఉలిక్కిపడి లేచారు.

"సార్, ఒంట్లో బాగానే ఉందా?" ముందు బెంచీ అమ్మాయి లేచి అడిగింది. ప్రథమ చికిత్స నేర్చుకుని వచ్చిన ఉత్సాహం మీద ఉంది ఆ పిల్ల.

ఇది నది గురించిన జవాబు కాదు గనక మాస్టారు చిరునవ్వు నవ్వారు. కంగారులో అది ఒక పక్కకే వచ్చింది.

"నోరు వంకరపోయింది! సార్, రెండు చేతులూ ఎత్తండి!"

విద్యార్థులు చొరవ చూపితే ప్రోత్సహించాలని కూడా శిక్షణలో చెప్పారు. మాస్టారు సంతోషంగా చెయ్యెత్తారు. రెండో చేతిలో రాయి ఉంది గనక ఒకటే లేచింది.

"పక్షవాతం!" అని ఆ పిల్ల కేక పెట్టింది.

నలుగురు కుర్రాళ్ళు ఆయన్ని ఎత్తి బల్ల మీద పడుకోబెట్టారు. సరిగ్గా అప్పుడే వచ్చిన శాఖాధిపతి ఆ దృశ్యం చూసి మాస్టారి భార్యకు ఫోన్ చేసింది.

"పొద్దుటి నుంచీ నోట మాట లేదండీ! అలిగారనుకున్నాను!" అని ఆవిడ ఏడుపు ఫోన్లోంచి క్లాసంతా వినిపించింది.

ఇక లాభం లేదని మాస్టారు సూత్రాన్ని గాలికొదిలేసి, "నాకేం కాలేదు!" అని అరిచారు. కానీ అదే క్షణంలో ఎవరో నోట్లో నీళ్ళు పోశారు.

"మాట కూడా ముద్దగా వస్తోంది!" అని నిర్ధారించుకుని, ఆయన్ని స్ట్రెచర్ మీద యూనివర్సిటీ ఆస్పత్రికి మోసుకెళ్ళారు.

డాక్టరు కళ్ళలోకి టార్చి వేసి, మోకాళ్ళ మీద కొట్టి చూసి, ఏ జబ్బూ లేదన్నాడు. మాస్టారు జరిగిందంతా మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టారు. పరుగున వచ్చిన భార్య గుమ్మంలోనే ఆ గొంతు విని ఆనందంతో కళ్ళు తుడుచుకుంది. కారణం విన్నాక, "ఇంకో రెండ్రోజులు ఇక్కడే ఉంచండి డాక్టరుగారూ" అంది.

కాసేపటికి శాఖాధిపతి వచ్చింది. నదుల పాఠం పోయినట్టేనని మాస్టారు తలదించుకున్నారు.

"అద్భుతం మాస్టారూ! మిమ్మల్ని తీసుకెళ్ళాక, పిల్లల కంగారు తగ్గించడానికి మీరు వాళ్ళనేం అడిగారో చెప్పమన్నాను. ఇక చూడండి, నది వంపు బోర్డు మీద గీసి కొట్లాడుకున్నారు. బయటి ఒడ్డు కోసుకుపోవడం, లోపలి ఒడ్డున ఇసుక మేట వేయడం, అన్నీ వాళ్ళే తేల్చేశారు. గంట కొట్టినా ఒక్కరూ కదల్లేదు. నదులు మీవే!"

మాస్టారి కళ్ళు చెమర్చాయి. అంత మంచి క్లాసు తాను చూడలేకపోయినందుకు కాస్త ఈర్ష్య కూడా కలిగింది.

"వచ్చేవారం మిగతా శాఖలవాళ్ళంతా మీ దగ్గర నేర్చుకోవడానికి వస్తున్నారు. ఇవాళ చేసినట్టే చేయండి" అని ఆవిడ వెళ్ళిపోయింది.

ఆ గంటలో మాస్టారు చేసిందల్లా ఆస్పత్రి మంచం మీద పడుకోవడమే.