నేను చెప్పిందీ, మా ఆవిడ కొట్టిందీ

ఈ మధ్య మార్కాపురం బజారులో ఎవరు ఎదురుపడినా "కరుణాకరం, మోకాళ్ళు ఎట్లున్నాయి?" అని అడుగుతున్నారు. నా మోకాళ్ళకు ఏ రోగమూ లేదు. పుట్టినప్పటి నుంచీ బాగానే ఉన్నాయి. అసలు జరిగిందేమిటో మీ అందరికీ కలిపి ఒకసారి చెప్పేస్తే రేపటి నుంచైనా వాటిని వదిలేస్తారని ఆశ.

నాది పూజాసామాను దుకాణం. రెండు పూటలా దీపం పెట్టి, కల్తీ లేని కర్పూరం అమ్ముకుని బతికే మనిషిని. పదో తరగతి పాసయ్యాను. నలభై ఎనిమిదేళ్ళ దాకా నా నోటి నుంచి 'ఛీ' అన్న మాట కూడా ఎవరూ వినలేదు.

ఆ తర్వాత ఫోన్ కొన్నాను.

అందులో 'మన పడమటి ప్రకాశం' అని ఫేస్‌బుక్ గ్రూపు ఒకటి ఉంది. పదకొండు వేల మంది. అందరూ ఎప్పుడూ కోపంగానే ఉంటారు. పెళ్ళి ఊరేగింపులో డీజే ఉండాలా, బడిలో ఇంగ్లీషు చెప్పాలా, తెలుగు చెప్పాలా, ఏ విషయమైనా పొద్దున కాఫీ వేళకు మొదలై మధ్యాహ్నానికి ఒకరి తాతను ఒకరు తిట్టుకోవడంతో ఒక కొలిక్కి వస్తుంది.

అన్నింటికంటే పెద్ద గొడవ జిల్లాది. జిల్లాలన్నీ కోసి కుట్టిన తర్వాత కూడా మేము ఒంగోలుకే మిగిలిపోయాం. మాకు వేరే జిల్లా కావాలని నేనంటాను. నాకిది ఊరికే పుట్టిన పట్టుదల కాదు. నిరుడు మా ఆవిడ భ్రమరాంబకు అపెండిక్స్ పగిలింది. ఒంగోలు దాకా రెండు గంటల పైన అంబులెన్సులో ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నవాణ్ణి. పొదిలి దాటేటప్పటికి ఆమె చెయ్యి చల్లబడింది. "అయ్యప్పా, ఈమెను బతికించు, మాల వేసుకుని నీ కొండకు వస్తా" అని మొక్కుకున్నది అక్కడే. స్వామి బతికించాడు.

గ్రూపులో 'గిద్దలూరు గర్జన' అనేవాడొకడున్నాడు. ముఖం తెలియదు, పులి బొమ్మ పెట్టుకున్నాడు. నేను "ముందు జిల్లా" అని రాస్తే చాలు, కింద వాలిపోయి "ముందు వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు, తర్వాతే జిల్లా. కలెక్టరాఫీసు కట్టి అందులో ఏం తాగుతావు?" అని రాసేవాడు. నేను ఒకటి రాస్తే వాడు నాలుగు. దుకాణానికి వచ్చినవాళ్ళు వత్తులడిగితే సాంబ్రాణి ఇచ్చేవాణ్ణి.

కార్తీకమాసం వచ్చింది. మాల వేసుకునే రోజు మా ఆదెయ్య గురుస్వామి నియమాలన్నీ చెప్పాడు. ఆయన కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. ఏ తీగలో కరెంటు పారుతోందో దూరం నుంచే చెప్పగలడు. అందరికీ చన్నీళ్ళ స్నానం, నేలపడక అని చెప్పి, నా దగ్గరకొచ్చి ఆగాడు.

"నువ్వు ఫోన్ ముట్టకూడదు, చూడకూడదు. ఈ నలభై ఒక్క రోజుల్లో ఒక్క మనిషితో గొడవ పడినావని తెలిసిందా, నేను ఇరుముడి కట్టను."

ఇరుముడి తల మీద లేకుండా పద్దెనిమిది మెట్లు ఎక్కనివ్వరు. మెట్లెక్కకపోతే మొక్కు తీరదు. పక్కనే నిలబడ్డ మా ఆవిడ ముఖంలో రంగు మారింది. ఆ మొక్కు ఆమె ప్రాణానిది కదా. నేను దేవుడి ముందు మాటిచ్చాను.

నాలుగు రోజులు ఓర్చుకున్నాను. శరణాలు చెబుతుంటే మధ్యలో ఆ పులి బొమ్మే కనబడేది. నూట ఎనిమిది శరణాల్లో ఇరవై అయినా గర్జనగాడికి జవాబు వెతుక్కోవడంతో సరిపోయేవి. ఇదేం భక్తిరా అని నాకే అనుమానం వచ్చింది. నేను స్వామిని తలుచుకుంటున్నానా, వాణ్ణి తలుచుకుంటున్నానా?

అయిదో రోజు నాకొక ఉపాయం తట్టింది.

"మాతా," అన్నాను. దీక్షలో కట్టుకున్న భార్యనైనా అట్లాగే పిలవాలి.

"ఏంది స్వామీ?" అంది, గరిటె తిప్పుతూనే.

"ఫోన్ ముట్టనని, చూడనని నేను మాటిచ్చినాను. నువ్వు ఇచ్చినావా?"

"నేనెందుకిస్తా?"

"మరింకేం, నేను నోటితో చెప్తా. నువ్వు కొట్టు."

"అయ్యప్పకు తెలియదా స్వామీ?"

"ఆయనకు అన్నీ తెలుసు. ఆ గ్రూపులో వాళ్ళకే ఏమీ తెలియడంలా."

గరిటె ఆగింది. ఆమె నా వైపు తిరిగి "సరే" అంది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో నేను అడిగినదానికి ఆమె ఎదురుప్రశ్న లేకుండా 'సరే' అనడం అదే మొదలు. అక్కడే అనుమానించవలసింది. కానీ గర్జనగాడు నాలుగు రోజులుగా ఎదురులేకుండా తిరుగుతున్నాడన్న బాధలో ఉన్నాను.

అది మొదలు రోజూ పూజయ్యాక ఒక గంట మా కచేరీ. నేను పీట మీద కళ్ళు మూసుకుని కూర్చుని చెప్పేవాణ్ణి. దీక్షలో ఎవరినైనా స్వామీ అనే పిలవాలి కాబట్టి ఆ మర్యాదకు లోటు రానిచ్చేవాణ్ణి కాదు.

"ఒరే గర్జనా స్వామీ, నీకు బుర్ర ఉందా స్వామీ? నువ్వు గాడిదవు స్వామీ. ఎదురుపడితే కాళ్ళు విరగ్గొట్టి కంభం చెరువులో పారేస్తా స్వామీ. కొట్టినావా?"

"కొట్టినా."

"చదువు."

ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివేది. 'కాళ్ళు' దగ్గర నాకంటే గట్టిగా చదివేది కూడా.

నేను చెప్పేది రెండు ముక్కలు. ఆమె వేళ్ళు మాత్రం పది నిమిషాలు ఆడేవి. పాపం, అక్షరాలు వెతుక్కుంటోందనుకునేవాణ్ణి.

"ఏమన్నాడు?"

"దండం బొమ్మ పెట్టినాడు స్వామీ."

"చూసినావా! జడుసుకున్నాడు!"

"అట్లనే ఉంది స్వామీ."

ఇంకొన్ని రోజులకు గ్రూపులో మిగతా వాళ్ళు కూడా నాకు దండాలు పెట్టడం మొదలుపెట్టారట. ఒకడు పువ్వు పెట్టాడట. పదకొండు వేల మందిని ఇంట్లో పీట మీద కూర్చుని కళ్ళు మూసుకుని లొంగదీశానని నా ఛాతీ అంగుళం పెరిగింది. మాల కూడా బిగుతైనట్టు అనిపించింది.

ముప్పై మూడో రోజు పొద్దున్నే ఇల్లంతా పులిహోర పోపు వాసన. వంకాయ కూర, పప్పు, సేమ్యా పాయసం. ఇద్దరికి ఇంత వంటేమిటని అడిగాను.

"భిక్షకు స్వాములు వస్తున్నారు. ఆరుగురు."

"ఎవరు పిలిచినారు?"

"మీరే," అంది, కరివేపాకు దూస్తూ.

నేను ఎప్పుడు పిలిచానా అని ఆలోచించుకునే లోపలే గుమ్మంలో "స్వామియే శరణమయ్యప్ప" అని వినబడింది. నల్ల పంచెలు కట్టుకుని ఆరుగురు స్వాములు. భిక్షకొచ్చిన స్వాముల కాళ్ళు ఇంటాయన కడగాలి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకోవాలి. చెంబు, పళ్ళెం తీసుకుని కూర్చున్నాను. మొదటాయన బక్కగా, అరవై ఏళ్ళు పైబడినట్టున్నాడు. మడమలు వాన పడని చేనులా పగిలి ఉన్నాయి. పసుపు రాసి, నీళ్ళు పోస్తూ "ఏ ఊరు స్వామీ?" అన్నాను.

"గిద్దలూరు దగ్గర పల్లె స్వామీ. పేరు మాలకొండయ్య. మీకట్ల చెబితే తెలియదులే. గర్జనను నేనే."

చెంబు ఆగిపోయింది. నీళ్ళు ఆగలేదు. పక్క స్వామి పంచె మోకాళ్ళ దాకా తడిసింది.

నేను విరగ్గొడతానన్న కాళ్ళు నా రెండు చేతుల్లోనూ ఉన్నాయి. పసుపు కూడా రాసి ఉంది.

"మీ కాళ్ళ నొప్పులు తగ్గినాయా స్వామీ?" అన్నాడాయన దయగా.

"నాకా?"

"అదే, మోకాళ్ళు. డబ్బా నీళ్ళు మేడ మీదకు మోసి మోసి అరిగిపోయినాయని రాసినారే. చదివి మా ఇంటామె కళ్ళనీళ్ళు పెట్టుకున్నాది."

మా ఇంట్లో నీళ్ళ డబ్బా మేడ మీదకు మోసేది ఎవరో నాకు తెలుసు. తలుపు పక్కన నిలబడి మోకాలు రుద్దుకుంటోంది.

భోజనాల దగ్గర ఒక్కొక్కటీ బయటపడింది. నేను గాడిదా అన్న రోజున "పెద్దవారు, మీ చేనుకు వాన పడిందా స్వామీ?" అని వెళ్ళింది. బుర్ర ఉందా అన్న రోజున "మీ మాటలో న్యాయముంది, ఆలోచిస్తున్నా" అని వెళ్ళింది. చెరువులో పారేస్తానన్న రోజున "మార్కాపురం వస్తే మా ఇంట్లో భిక్ష తీసుకోండి" అని వెళ్ళింది.

"అన్నింటికంటే స్వామీ, మీరు మీ ఇంటామె గురించి రాసింది చూడండి," అన్నాడు తడిసిన పంచె స్వామి, పాయసం జుర్రుతూ. "'ఆమె లేకుంటే నేను గడ్డిపోచతో సమానం, ఈ మాట ఆమె ముందు చెప్పడానికి నాకు నోరు రాదు' అని. మా ఊళ్ళో ఆడోళ్ళంతా చదివినారు. అప్పటి నుంచి మాకు ఇండ్లల్లో కష్టంగా ఉంది."

"ఇంకొంచెం పులిహోర స్వామీ," అంది మా ఆవిడ.

వాళ్ళు వెళ్ళాక నేను అరవలేదు. దీక్ష కదా. మెల్లగా, పళ్ళ మధ్య నుంచి అడిగాను.

"ఏందిది మాతా?"

"మీరు చెప్పింది చెప్పినట్టు కొడితే ఏమైతాది? ఎవడో ఒకడు గురుస్వామికి చూపిస్తాడు. ఇరుముడి కట్టడు. మొక్కు నా ప్రాణానిది స్వామీ. దాన్ని తీసుకపోయి మీ నోటి మీద పెట్టి కూర్చుంటానా?"

నా దగ్గరున్న జవాబులన్నీ స్వామీతో ముగిసే తిట్లే.

నలభై ఒకటో రోజు. మా అయ్యప్ప మందిరం స్వాములతో, వాళ్ళ ఇళ్ళవాళ్ళతో నిండిపోయింది. నేతి టెంకాయ సిద్ధమైంది. ఇంటివాళ్ళు మూడు దోసిళ్ళ బియ్యం ముడిలో పోయాలి, అప్పుడు కట్టాలి. మా ఆవిడ దోసిట్లో బియ్యంతో నిలబడింది. ఆదెయ్య గురుస్వామి అడిగాడు.

"కరుణాకరం స్వామీ, ఎవరితోనన్నా గొడవ పడినావా?"

ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. "ఒక్కరితోనూ లేదు స్వామీ. కావాలంటే గ్రూపు చూడండి, ఎంత మర్యాదగా ఉన్నానో," అన్నాను.

గురుస్వామి నన్ను వదిలేసి మా ఆవిడ వైపు చూశాడు. "నిజమేనామ్మా?"

"బయటోళ్ళతో లేదు స్వామీ."

"మరి?"

"రోజూ గంటసేపు నాకు చెప్పినారు. గాడిదా అని పద్నాలుగు సార్లు. కాళ్ళు విరగ్గొడతా అని తొమ్మిది సార్లు. ఆ గిద్దలూరాయనకు ఒక్కటీ చేరలేదు. అన్నీ నా చెవుల్లోనే పడినాయి."

మందిరంలో శరణుఘోష ఆగి నవ్వు మొదలైంది. గురుస్వామి నవ్వలేదు.

"తిట్టు ఎవరి చెవిన పడితే గొడవ వాళ్ళతోనే. ఆ తల్లి క్షమించి బియ్యం పోస్తేనే ముడి."

నేను వంగి దండం పెట్టాను. దోసిలి కదలలేదు.

"క్షమిస్తా స్వామీ. కానీ ఇప్పుడు నేను చెప్తా. ఆయన కొట్టాల."

"ఫోన్ ముట్టనని మాటిచ్చినానే!" అన్నాను ఆశగా.

"ఈ ఒక్కదానికి నేను అనుమతిస్తున్నా," అన్నాడు గురుస్వామి.

ఎవరో మా ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆమె చెప్పింది, నేను కొట్టాను. "నేను, మార్కాపురం కరుణాకరం. మాకు జిల్లా కావాల్సిందే. కానీ ముందు నీళ్ళు. నీళ్ళు మోసేది నేను కాదు కాబట్టి ఇన్నాళ్ళు నాకు తెలియలేదు."

"కొట్టినారా?"

"కొట్టినా."

"చదవండి."

"...కానీ ముందు నీళ్ళు..." అని గడగడా చదివేశాను.

ఆమె మెడ చాచి ఫోన్లోకి చూసింది. "'ముందు జిల్లా' అని కొట్టి 'ముందు నీళ్ళు' అని చదువుతున్నారా? నేను కూడా నెల రోజులు అట్లనే చదివినా స్వామీ. చెరిపేసి మళ్ళా కొట్టండి."

చెరిపేసి మళ్ళా కొట్టాను. ఆమె చూసి, తలూపి, మూడు దోసిళ్ళ బియ్యం పోసింది. మూడో దోసిలి పోసేటప్పుడు ఆమె చేతులు నా చేతికి తగిలాయి. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి. గురుస్వామి ముడి బిగించి, శరణం చెప్పి, ఇరుముడి నా తల మీద పెట్టాడు. రెండు చేతులా పట్టుకున్నాను.

ఫోన్ మా ఆవిడ చేతిలోకి వెళ్ళింది. వెళ్ళీ వెళ్ళగానే 'టింగ్' అంది. తర్వాత ఆగకుండా టింగు టింగుమంటూనే ఉంది.

"ఎవరు? ఏమంటున్నారు?" అన్నాను. తల వంచి చూద్దామంటే ఇరుముడి జారుతుంది.

"ఒకాయన 'ఏం కరుణాకరం, గిద్దలూరోళ్ళకు అమ్ముడుపోయినావా, నీకు సిగ్గుందా?' అంటున్నాడు స్వామీ."

నా రక్తం ఉడికిపోయింది. నోరు తెరిచాను. చుట్టూ యాభై మంది స్వాములు నా నోటి వైపే చూస్తున్నారు.

"స్వామియే..." అన్నాను.

"శరణమయ్యప్ప!" అంది మా ఆవిడ, ఆయనకు జవాబు కొడుతూ.