ఉష టీచరు వండించిన అగ్నిపర్వతం

ఆ రోజుకు ఉష టీచరు వేసుకున్న పథకం చాలా తేలికైనది. పదకొండు గంటలకు విద్యాధికారి పద్మనాభయ్య వస్తారు. పద్నాలుగు మందే చదివే ఈ సముద్రపొడ్డు బడిని దగ్గర్లోని కోట అనే ఊళ్ళో ఉన్న పెద్ద బడిలో కలిపేయాలా వద్దా అన్నది తేలుస్తారు. ఆయన వచ్చేసరికి పిల్లలు భూమిని వండి, వివరించి, తినేస్తూ ఉండాలి. అది చూశాక బడి మూసే మనిషి ఉంటాడంటే ఆమె నమ్మదు. తన మీద తనకు నమ్మకం తగ్గిన రోజు ఆమె జీవితంలో ఇంతవరకూ లేదు.

తొమ్మిదిన్నరకే జెండా గద్దె మీద అరిటాకు పరిచి పసుపన్నం రాశిగా పోశారు. అది లోపలి వేడి పొర. లోపలి పసుపు కనబడేలా ఒక పక్క వదిలేసి మిగతాదంతా రాగిసంగటి మెత్తారు. అది మనం నడిచే నేల. కొన మీద గుంట చేసి ఎర్రటి టమాటా పులుసు పోశారు. గుంట అడుగు నుంచి బొప్పాయి కాడ ఒకటి బయటికి పెట్టారు, ఊదితే పులుసు ఉబికి పొర్లడానికి. కొండ చుట్టూ అడవి ఉంటే బాగుంటుందని మూడో తరగతి చిట్టి వేపమండలు గుచ్చింది.

ఆ వేపమండల దగ్గరే వచ్చింది చిక్కంతా. చేపల గంపతో గోడ పక్కగా పోతున్న ముసలమ్మ లోపలికి తొంగి చూసింది. పసుపన్నం రాశి, పైన ఎరుపు, చుట్టూ వేప. జాతరలో గంగమ్మ ముందు పోసే కుంభం సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఆమె గంప అక్కడే దించి రేవుకు పరిగెత్తింది.

"బడికాడ అమ్మోరికి కుంభం పోసుండారు. మనకొక మాటన్నా చెప్పలా" అంది ఊరిపెద్ద చిన్నపోలయ్యతో.

కుంభం పోసిన రోజు ఆ ఊళ్ళో పడవ నీళ్ళలో దిగదు. అప్పుడే నీళ్ళలోకి నెట్టిన తొమ్మిది పడవలూ వెనక్కి ఒడ్డెక్కాయి. పదకొండు కావస్తుండగా డప్పులు, పసుపునీళ్ళ బిందెలు, ఒక కోడిపుంజు బడిలోకి వచ్చాయి.

"ఇది అగ్నిపర్వతం పెద్దాయనా" అంది ఉష.

"ఏ పేరుతో పిలిస్తే ఏముందమ్మా, అమ్మోరు పలకతాది" అన్నాడు చిన్నపోలయ్య.

"పిల్లలు తినే పాఠం ఇది."

"పిల్లకాయలు తర్వాత తింటారులే. ముందు ఆమెకు పెట్టాల."

ఉషకు మొదటిసారి ఏడుపొచ్చినంత పనైంది. సరిగ్గా అప్పుడే పద్మనాభయ్య తెల్లచొక్కాలో బండి దిగారు. ఆయన్ని కూడా పూజకు పిలిపించారనుకుని ఆడవాళ్ళు ఆయన కాళ్ళకు పసుపునీళ్ళు పోసి, గద్దె ముందుకు నడిపించారు. ఆఫీసరు ముందుకు రాగానే ఊదమని టీచరు చెప్పింది కదా అని చిట్టి ఉన్న ఊపిరంతా పెట్టి కాడ ఊదింది. పులుసు భళ్ళున లేచి చొక్కా మీద పడింది.

డప్పులు ఆగిపోయాయి.

"అమ్మోరు మెచ్చింది. ఇంక ఈ తావులో రాయి కూడా కదలకూడదు" అన్నాడు చిన్నపోలయ్య. వెనక నిలబడ్డ నూరుమంది తలలూపారు.

పద్మనాభయ్య చొక్కా తుడుచుకుంటూ చిట్టిని అడిగారు. "ఎందుకట్టా పొంగింది పాపా?"

"లోపల వేడికి రాయి కరగతాది సార్. పైకి రావాలని చూస్తాది. సందు దొరికినకాడ బయటపడతాది."

 ఆయన నేల, వేడి పొర, పులుసు వరసగా రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు. చెయ్యి కడుక్కుంటూ ఉషను పక్కకు పిలిచారు.

"నిజం చెప్పమ్మా. ఇది పాఠమా, పూజా?"

"పాఠమే సార్."

"పూజే" అన్నాడు వెనకనుంచి చిన్నపోలయ్య.

కోట బడిలో కలపమని ముందే రాసి తెచ్చిన కాగితాన్ని పద్మనాభయ్య మడిచి జేబులో పెట్టుకున్నారు. కొత్త కాగితం తీశారు. దాని మీద పూజ అని రాయలేరు, పులుసు అని అసలే రాయలేరు. చుట్టూ ఉన్న నూరుమందినీ ఒకసారి చూసి, కలం మూత తీసి రాశారు: "భూగర్భ కారణాల రీత్యా ఈ బడిని ఇక్కడినుంచి తరలించడం సాధ్యం కాదు."