అమ్మవారి భుజం మీద కొర్రమ్మ

ధనుర్మాసం కావడంతో కమలాకుమారి తెల్లవారకముందే తలస్నానం చేసి గుడికి బయల్దేరింది. గుమ్మంలో ఆగి భర్తకు రోజూ చెప్పే మాటే చెప్పింది.

"ఏమండీ, పంజరం తలుపు తీయకండి. నేనొచ్చాక నీళ్లు మారుస్తాను."

సూర్యనారాయణమూర్తి దుప్పట్లోంచే సరేనన్నాడు. అప్పటికే ఆయన మనసులో వేరే పథకం ఉంది. మోకాలి ఆపరేషన్ అయిన మనిషి రోజూ వంగి పంజరం కడగడమెందుకు? ఇవాళ తానే కడిగేసి, ఆవిడ వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు పేపరు చదువుతూ కూర్చోవాలి. టెలిఫోన్ల శాఖలో ముప్పై అయిదేళ్లు పైవాళ్లు చెప్పని పని ఒక్కటీ చేయని మనిషికి హఠాత్తుగా ఇంత చొరవ రావడం ప్రమాదమని ఆయనకు తోచలేదు.

పంజరంలో ఉన్నది ఆకుపచ్చ లవ్‌బర్డ్. కొర్రలు తప్ప మరొకటి ముట్టదు కనుక కొర్రమ్మ అని పేరు పెట్టారు. నిరుడు కమలాకుమారి మంచం పట్టిన నాలుగు నెలలూ అది ఆవిడ వేలి మీదే కాపురం ఉంది. "దీనికి రేపటి గింజల గురించి బెంగే లేదు చూశారా? పెట్టేవాడున్నాడని ధీమా. నాకు మాత్రం బెంగెందుకు?" అనేది ఆవిడ. "పెట్టేది నేను కదా" అనేవాడు మూర్తి. "మీ చేత పెట్టించేదెవరు?" అని అడిగితే మాత్రం పేపరు తిరగేసేవాడు. గుళ్లూ గోపురాలూ తనకు పడవు. అయినా ఆ పిట్టతో కబుర్లు మొదలయ్యాకే తన భార్య మళ్లీ లేచి నడిచిందన్న సంగతి ఆయన మరిచిపోలేదు. అది లేని ఇల్లు ఊహించడానికే ఆయనకు భయం.

గింజల పొట్టు హాల్లో రాలకూడదని బాల్కనీ తలుపు తీశాడు. పంజరం తలుపు తీసి గిన్నె బయటికి లాగి, ఉఫ్‌మని ఊదాడు. పొట్టుతో పాటు కొర్రమ్మ కూడా వెళ్లిపోయింది.

లుంగీ, మంకీ క్యాప్, చేతిలో ఖాళీ పంజరం. ఆ వేషంతో మూర్తి మూడంతస్తులూ దిగేసరికి వాచ్‌మన్ మొగిలయ్య గేటు దగ్గర పళ్లు తోముకుంటున్నాడు.

"ఏంది సారూ, పొద్దుగాల్నే గింత పరేషాన్ ఉన్నరు?"

"కొర్రమ్మ ఎగిరిపోయింది మొగిలయ్యా. అమ్మగారు ఏడున్నరకు వచ్చేస్తారు. ఈలోగా దొరకాలి. నీకు దండం పెడతాను, ఎవరికీ చెప్పకు."

"నా నోట్లకెల్లి మాట రాదు సారూ."

మొగిలయ్య మాట మీద నిలబడే మనిషి. అశోక్ నగర్ వైపు పరుగెత్తి, టీ బండి దగ్గర గ్రూప్స్ పరీక్షల గురించి వాదించుకుంటున్న హాస్టల్ వాళ్లతో పిట్ట ఊసే ఎత్తలేదు. "సారుది శానా కీమతైనది పోయింది. అమ్మగారికి తెల్వద్దు. జర దేవులాడుండ్రి" అన్నాడంతే. పోయిందేమిటో చెప్పకుండా వెతకమంటే జనం బంగారమనే అనుకుంటారు. పది నిమిషాల్లో వీధి వీధంతా నేల మీద వంగింది. స్కూటర్ల కింద చూస్తున్నారు, మురిక్కాలవలో పుల్లలతో కెలుకుతున్నారు. మూర్తి ఒక్కడే ఆకాశం చూస్తూ నడుస్తున్నాడు. పూలమ్మే బుగ్గమ్మకు ఆయన్ని చూసి జాలేసింది.

"ఎంత బరువుంటది సారూ?"

"ముప్పై గ్రాములుంటుందేమో" అన్నాడు మూర్తి, కళ్లు తీగల మీద నుంచి దించకుండా.

"మూడు తులాలు" అని గుండెల మీద చెయ్యేసుకుంది బుగ్గమ్మ. ఆ మాట వీధి చివరికి చేరేసరికి ఏడు తులాలైంది. వెతికేవాళ్లు రెట్టింపయ్యారు.

అప్పుడు కనిపించింది కొర్రమ్మ, కరెంటు తీగ మీద. పక్కనే పతంగుల మాంజా దారం వేలాడుతోంది. అటు రెండు కాకులు, ఇటు ఒకటి. మూర్తి పంజరం పైకెత్తాడు. ఆయన పిలిచేలోపే "దొరికిందా సారూ?" అంటూ జనం మీదికి వచ్చారు. కొర్రమ్మ బెదిరి, మాంజాకు వేలెడు ఎడంగా దూసుకుపోయి, వీధి చివరి గుడిలో దూరింది.

గుడిలో పూజ ముగింపుకొచ్చింది. గోవిందుణ్ణి వరించిన ఆ గుడి అమ్మవారి చేతిలో ఆకులతో కట్టిన చిలుక ఉంటుంది. ఇవాళ భుజం మీద ప్రాణమున్న చిలుక వచ్చి వాలింది. చూసినవాళ్లు ఊరుకుంటారా? మండపమంతా గోవింద నామాలతో మోగిపోతోంది. కొందరు ఫోన్లు ఎత్తారు, కొందరు ఏడుస్తున్నారు. అందరికంటే ముందు వరసలో కమలాకుమారి చేతులు జోడించి, రెప్ప వేయకుండా, కళ్ల నీళ్లతో కూర్చుని ఉంది.

మూర్తి పంజరంతో లోపలికి అడుగు పెట్టగానే ఒక పెద్దావిడ దారికి అడ్డం నిలిచింది.

"అమ్మవారి చిలుకను పట్టుకుపోదామని వచ్చారా?"

"చిలుక కాదండీ, లవ్‌బర్డ్. ఆస్ట్రేలియా జాతి."

"అమ్మవారికి ఆస్ట్రేలియా ఏమన్నా దూరమా?" అన్నారెవరో వెనకనుంచి. మూర్తి పెద్దావిడ పక్కనుంచి గర్భగుడి వైపు తొంగి చూశాడు.

నోరు మూసుకుని వెనక్కి తిరిగితే, పంజరం తెరిచిన సంగతి భార్యకు ఇప్పుడప్పుడే తెలియదు. ఆ ఆలోచన వచ్చిన మాట నిజమే. కానీ అర్చకస్వామి హారతి పళ్లెంలో గుప్పెడు కర్పూరం పోసి వెలిగించబోతున్నాడు. ఆ పొగకు అంత చిన్న ప్రాణం తట్టుకోలేదు.

"స్వామీ, హారతి ఆపండి" అన్నాడు మూర్తి. "ఆ పిట్ట మాది. నేనే తలుపు తీసి వదిలేశాను. నాదే తప్పు."

కమలాకుమారి ఆయన వైపు చూడలేదు. మోకాలు పట్టుకుని మెల్లగా లేచి, చూపుడు వేలు చాచింది. కొర్రమ్మ అమ్మవారి భుజం దిగి వచ్చి ఆ వేలి మీద కూర్చుంది.

తీగలు, మాంజా, కాకులు, ఇంత ఊరు. వీటన్నిటి మధ్య నుంచి ఆ గుప్పెడు ప్రాణాన్ని సరిగ్గా కమల ముందుకు తెచ్చి దించింది తను కాదు, మొగిలయ్య కాదు. మూర్తి అమ్మవారి ముఖంలోకి చూశాడు. మంకీ క్యాప్ తీసేసి, రెండు చేతులూ జోడించాడు. కన్నీళ్లు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా ఆయనకు లేకపోయింది.

"వాలగానే గుర్తుపట్టాను" అంది కమలాకుమారి లోగొంతుకతో. "కదిలితే ఎగిరిపోతుందని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను."

"మరి తిట్టవేం?"

"ఇంటికెళ్లాక తిడతాను. నలభై ఏళ్లుగా మిమ్మల్ని ఒక్కసారి ఈ గడప దాటించమని అమ్మవారిని అడుగుతున్నాను. దీన్ని పంపించి పిలిపిస్తుందని తెలిస్తే అడిగేదాన్నే కాదు."

ఆయన చెప్పిన నిజాన్ని జనం అప్పుడే మరిచిపోయారు. అమ్మవారు తన చిలుకను కమలాకుమారి చేతికిచ్చిందని ఏడు తులాల వీధంతా పాకిపోయింది. ఇద్దరూ పంజరంతో ఇంటికి నడుస్తుంటే వెనక నలభై మంది కొబ్బరికాయలతో నడిచారు.

మర్నాడు పొద్దున లిఫ్టు పక్కన మొగిలయ్య చేత్తో రాసిన కాగితం అంటించి ఉంది: "కొర్రమ్మ దర్శనం ఎనిమిది నుంచి పది దాకా, చెప్పులు కిందనే ఇడువవలెను."