ధరావతు ఎనుము

కర్నూలు పట్టణంలో బాడుగకిచ్చే ఇండ్లు గల మహాశయులలో పెద్ద తిమ్మారెడ్డిగారిని మించిన ధర్మాత్ముడు లేడని ఇందుమూలంగా సకల జనులకు తెలియజేయడమైనది. సందేహమున్నవాళ్ళు ఆయన వరస ఇండ్లలో ఒక వానకాలం కాపురముండి చూసుకోవచ్చు.

ఆ వరసలో చివరి ఇంట్లో కృపమణి, ఆమె మొగుడు ఏసేపు నాలుగేండ్లు ఉన్నారు. కోసిగిలో కరువొచ్చి, దూది మిల్లులో కూలికని వచ్చిన కిరస్తానీలు. ఇంటికి ధరావతు కట్టమంటే చేతిలో పైసా లేదు. వెంట తోలుకొచ్చిన వట్టిపోయిన ఎనుము మాత్రం ఉంది. కోస్తావాళ్ళు దాన్ని గేదె అంటారు, పాలు ఒకటే. రెడ్డిగారు దయతలచి దాన్నే ధరావతుగా తన దొడ్లో కట్టేయించుకున్నారు. "ఇల్లు ఎట్లుండాదో అట్లే అప్పజెప్పండి. ఎనుమును ఎట్లుండాదో అట్లే తోలకపోండి" అని పదిమంది ముందర మాటిచ్చారు.

ఈ ఏడు ఎనుము ఈనింది. అయితే కృపమణి చెయ్యి పడితే తప్ప పాలు చేపేది కాదు. అందుకని రోజూ వచ్చి పాలు పిండి, చెంబు నిండుగా రెడ్డిగారి వంటింట్లో పెట్టిపోయే భాగ్యం ఆమెకు కలిగింది. కూలి ఇవ్వలేదు. తన ఎనుమును తాను తాకినందుకు కూలి ఏమిటి?

అంతలో మిల్లు మూతపడింది. కోసిగికి పోతే బతకడానికి ఆ పాలు తప్ప మరో దారి లేదు. కృపమణి ఇల్లు ఊడ్చి, అలికి, ఎనుమును అడిగింది.

రెడ్డిగారు స్వయంగా వచ్చి ఇల్లు తనిఖీ చేశారు. గోడకు ఏసుప్రభువు పటం తగిలించిన మేకు గుంత కనబడింది, ఆ నష్టం కింద దూడను పట్టుకున్నారు. పొయ్యి పొగకు గోడ నల్లబడింది, దానికింద అంతవరకు తాగిన పాలు చెల్లు. పొగ రాకుండా వండుకునే విద్య కూలోళ్ళు నేర్చుకోకపోవడం రెడ్డిగారి తప్పు కాదు. ఆ తర్వాత మిద్దె. మా సీమలో మట్టిమిద్దెలు. వానలకు ముందు పైన చౌడు మట్టి పరచకుంటే వాన ఇంట్లోనే కురుస్తుంది. ఏసేపు ఏటేటా గంపలతో చౌడు మోసి పరిచాడు. నేరం అక్కడ దొరికింది.

"ఎవుర్ని అడిగి పోసినావప్పా చౌడు? దూలాల మింద బరువెంత పెరిగిండాదో సూడు."

"పోయకుంటే కారుతాది కదా రెడ్డీ" అన్నాడు ఏసేపు.

"కారింటే గోడ సెడినందుకు పట్టుకునేటోణ్ణి. యాదో ఒకటి పట్టుకోకుంటే దాన్ని ధరావతు అని ఎందుకంటారప్పా?"

"పట్టుకున్నెవన్నీ పట్టుకో" అంది కృపమణి. "ఎనుమునన్నా ఇడిసిపెట్టు."

"ఇడిసిపెడితే మాట తప్పినోణ్ణి అయిపోతా కదమ్మా. నువ్వు కట్టేసినప్పుడు అది వట్టిపోయిండె. ఇప్పుడు పాలిస్తాండాది. వట్టిపోనీ, అప్పుడు రా."

"అప్పటికి మళ్ళా సూలు కడతాది."

"సూలు గూడా అప్పుడు ల్యాకుండె. ఈననీ, సూద్దాం."

మాట కోసం పరాయి ఎనుమును ఇంతకాలం మేపుతున్న మనిషి మరొకడు లేడని ఊరి పెద్దలు ముక్కున వేలేసుకున్నారు.

అదే వారంలో, స్వరాజ్యం వచ్చిందని తెల్లదొర ఒకరు మన దేశం వదిలి తన దేశానికి పోతుంటే ఊరు వీడ్కోలు సభ చేసింది. అధ్యక్షులు రెడ్డిగారే. కొత్త ఖద్దరు తొడుక్కొని లేచారు. "మహాజనులారా, భారతదేశమనెడి ఈ గృహమందు రెండు శతాబ్దములు నివసించి, నేడు ఖాళీ చేయుచున్న పెద్దమనుషులు వీరు. గోడ ఏమైనది, దూలమేమైనదని అడుగుట మన సంస్కృతి కాదు. పోవువానిని పూలదండతో పంపుటయే ఆర్యధర్మము." చప్పట్లకు పందిరి అదిరింది.

పందిరి గుంజ దగ్గర నిలబడిన కృపమణికి నాలుగేండ్ల చౌడు బరువు నెత్తిమీద పడినట్టయింది. "ఆయప్ప ఏం కట్టేసిండె రెడ్డీ ధరావతు?" అని అడిగింది, గట్టిగానే.

ఆమె ఏమంటున్నదని దొర దుబాసీని అడిగాడు. తమరు చల్లగా ఉండాలని దీవిస్తున్నదని దుబాసీ తర్జుమా చేశాడు. కండ్లు చెమర్చగా దొర టోపీ తీశాడు. ఇద్దరు వాలంటీర్లు ఆమె రెక్కలు పట్టుకొని మర్యాదగా వీధిలో దించారు. కిరస్తానీ ముండకు సభామర్యాద తెలియదని నలుగురూ నొచ్చుకున్నారు.

కృపమణి, ఏసేపు ఆ సాయంత్రమే మూటలెత్తుకొని కోసిగి దారి పట్టారు. పొదుగు సలపరిస్తుందని ఆమె పొద్దున ఎనుమును పిండే వచ్చింది. ఆ పాలతోనే సభలో కాఫీ కాచారు. చిక్కగా ఉందని మీరందరూ మెచ్చుకున్నారు, కొందరు రెండో లోటా కూడా అడిగారు. అవి ఎవరి పాలో తెలియదంటారా? అనండి, నమ్ముతాం.