మైనస్ ఉన్న డిస్కు

కొత్తగా ఆడటానికి వచ్చేవారికి ఎలాంటి డిస్కులు ఇవ్వాలో తేల్చడానికి బెజవాడ డిస్కు గోల్ఫు ప్రోత్సాహక సంఘం వారు ఐదుగురితో ఒక ఎంపిక కమిటీ వేశారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఐదుగురిలో నలుగురు జన్మలో డిస్కు విసిరి ఎరగరు. అందుచేత వారి నిర్ణయంలో పక్షపాతానికి తావు లేదు.

ఐదో మనిషి జహీదా గారు. మునిసిపల్ బడిలో ముప్పై ఏళ్లు ఆటల టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడకు ఆట తెలుసు కాబట్టి ఓటు ఇవ్వలేదు. పెట్టె మోసి తెచ్చే బాధ్యత మాత్రం గౌరవపూర్వకంగా అప్పగించారు.

ఆట పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పళ్లెం లాంటి ప్లాస్టిక్ డిస్కుని విసిరి, దూరాన గొలుసులు వేలాడే ఇనప బుట్టలో పడెయ్యాలి. ఎన్ని తక్కువ విసుర్లలో పడితే అంత గొప్ప. ప్రతి డిస్కు మీదా నాలుగు అంకెలుంటాయి. ఎంత వేగం కావాలి, ఎంతసేపు గాల్లో తేలుతుంది, మొదట కుడికి ఎంత వాలుతుంది, చివర ఎడమకు ఎంత తిరుగుతుంది, ఇవీ ఆ నాలుగూ. కుడికి వాలేదాన్ని మైనస్ అంకెతో చూపిస్తారు. కొత్తవారికి తేలికది, నెమ్మదైనది, ఆ మూడో అంకె మైనస్‌లో ఉన్నది ఇవ్వాలి. చేతిలో బలం చాలకపోయినా అది మనిషిని చిన్నబుచ్చకుండా తిన్నగా పోతుంది. ఈ సంగతి చెప్పడానికి జహీదా గారికి నాలుగు నిమిషాలు పట్టింది. దాన్ని పక్కన పెట్టడానికి కమిటీకి నాలుగు ఆదివారాలు పట్టింది.

అధ్యక్షులు జయకృష్ణ గారు పాతికేళ్లు ఒక జూనియర్ కాలేజీలో డీన్‌గా చేసినవారు. అంకె కనబడితే కూడకుండా ఉండలేరు. ప్రతి డిస్కు మీది నాలుగంకెలూ కూడి, మొత్తాలు బోర్డు మీద రాయించారు. పదమూడు, అయిదు, సున్నా, నాలుగు ఉన్న డిస్కుకి ఇరవై రెండు వచ్చి ప్రథమ శ్రేణిలో నిలిచింది. అది ఏళ్ల తరబడి ఆడి చెయ్యి తిరిగినవారు విసిరే డిస్కు. జహీదా గారు చూపిన పసుపు డిస్కుకి అయిదు, అయిదు, మైనస్ మూడు, ఒకటి. మొత్తం ఎనిమిది.

“టీచరమ్మా, మీదానికి నెగెటివ్ మార్కులొచ్చాయండీ” అన్నారు ఆయన, చావు కబురు చెప్పే గొంతుతో.

“అవి మార్కులు కాదు సార్. ఎటు వాలుతుందో చెప్పే గుర్తులు.”

“అదేనమ్మా నేననేది. మొదట్లోనే పక్కకి వాలిపోయేది చివరికేమవుతుంది?”

“చివరికి తిన్నగా వస్తుందండీ.”

“వస్తే సంతోషమే. రాకపోతే బాధ్యత ఎవరిది?”

కార్యదర్శి వెంకటప్పయ్య గారికి పామర్రులో స్టీలు సామాన్ల కొట్టుంది. ఆయన కాటా వెంట తెచ్చుకున్నారు. “నూట యాభై గ్రాములా! మా కొట్లో పసిపిల్లకి ఉగ్గు పెట్టే గిన్నె నయం. గిన్నె కొన్నా బరువు చూసే జాతండీ మనది. ఇంత తేలికది చేతిలో పెడితే, వచ్చినోళ్లు మన గురించి ఏవనుకుంటారు?” అన్నారు. నూట డెబ్బై అయిదు గ్రాములకు తగ్గరాదని తీర్మానించారు. తేలిక డిస్కులు ‘అనర్హములు’ అని చీటీ అంటించిన అట్టపెట్టెలోకి చేరాయి.

జహీదాకి వాదించే ఓపిక లేక కాదు. ఆవిడ గుబులు డిస్కుల గురించి కూడా కాదు, అఫ్సా గురించి. అఫ్సా పక్కింటి పిల్ల; ఆవిడని ఖాలా, అంటే పిన్నీ, అని పిలుస్తుంది. తండ్రి నవాబ్‌కి ఆటోనగర్‌లో లారీల స్ప్రింగు కమాన్లు కట్టే షెడ్డుంది; మైదానంలో బుట్టలకు గొలుసులు బిగించిందీ ఆయనే. పిల్లకి మెడికల్ సీటు రెండుసార్లు తప్పింది. జూన్ నుంచి అన్నానికి రమ్మంటే వస్తుంది, తినమంటే తింటుంది, అంతే. ఈ ఆదివారం ప్రారంభోత్సవానికి ఎలాగో బతిమాలి తీసుకొస్తోంది జహీదా. అక్కడ చెయ్యి చిన్నబోతే మరో ఆదివారం ఉండదని ఆవిడకు తెలుసు.

ప్రారంభోత్సవం దివ్యంగా జరిగింది. కృష్ణ ఒడ్డున షామియానా వేశారు. “ఓటమి అన్న మాటే ఎరగని డిస్కులను మీ చేతుల్లో పెడుతున్నాం” అని జయకృష్ణ గారు ముప్పావుగంట ప్రసంగించారు. తర్వాత ఇరవైమంది కొత్తవారు ప్రథమ శ్రేణి డిస్కులు విసిరారు. పద్దెనిమిది డిస్కులు ఎడమకు తిరిగి నదిలో పడ్డాయి. వల వేసుకుంటున్న రాముడు పుట్టి ఒడ్డుకి తోసుకొచ్చి, “ఏవండోయ్, చేపలు తప్ప అన్నీ పడతన్నాయి నా వల్లో! ఈ మూతలెవరియండీ?” అని కేకేశాడు.

కమిటీ అక్కడికక్కడే సమావేశమైంది. డిస్కులన్నీ ఫస్టు ర్యాంకువే కాబట్టి లోపం విసిరినవారిదని ఏకగ్రీవంగా తేలింది. బలహీనులకు పదిహేను రోజులు పుస్తక పాఠాలు చెప్పాలనీ, అందాకా డిస్కు తాకనివ్వరాదనీ నిర్ణయించారు.

“చూశావా ఖాలా, ఇక్కడా అంతే” అంది అఫ్సా. ఆ పిల్ల డిస్కు అందరికంటే ముందు మునిగింది.

జహీదా అట్టపెట్టెలోంచి పసుపు డిస్కు తీసింది. “ఇది విసురు.”

“అది ఫెయిలైందన్నారుగా.”

“నువ్వూ అంతేగా. ఇద్దరూ కలిసి పోండి.”

అఫ్సా మూతి బిగించి విసిరింది. డిస్కు కొంచెం కుడికి వాలింది, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి మళ్లింది, తిన్నగా పోయి గొలుసుల్లో ఘల్లుమంది. పిల్ల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “ఖాలా, ఇంకోసారి! ఒక్కసారి!” అంటూ పరిగెత్తింది. జహీదా కొంగుతో కళ్లు తుడుచుకుని, దుమ్ము పడిందని చెప్పింది.

ఈ దృశ్యం కమిటీ వారూ చూశారు. ఎంపిక తప్పేమోనన్న అనుమానం వారి దరిచేరలేదు. ఫోటోగ్రాఫర్‌ని పిలిచారు. అఫ్సా చేతిలోని పసుపు డిస్కు తీసేసి ఇరవై రెండు మార్కులది పెట్టారు. “నవ్వకూడదమ్మా, ర్యాంకొచ్చినట్టు నిలబడాలి” అని జయకృష్ణ గారు సర్దారు. బుధవారానికల్లా ఆటోనగర్ గేటు దగ్గర ఫ్లెక్సీ లేచింది: ‘మా ఎంపిక, మా శిక్షణ, మా అఫ్సా.’ ఫ్లెక్సీ కుర్రాళ్లు అలవాటు కొద్దీ అడుగున హాల్ టికెట్ నంబరు కూడా వేశారు.

నవాబ్ పని ఆపి, గ్రీజు చేతులతో ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. రెండేళ్లుగా అలాంటి బొమ్మ కోసమే కదా ఎదురుచూసింది. ఇంటికొచ్చి, ఎంతో ప్రేమగా అడిగాడు. “బేటీ, స్టేట్ మొత్తంలో ఎన్నో ర్యాంకు? దీనికి కూడా లాంగ్ టర్మ్ కోచింగ్ ఉంటదా?”

ఆదివారం పొద్దున్నే అఫ్సా మైదానానికి వచ్చి పసుపు డిస్కుని చున్నీతో తుడిచి జహీదా చేతిలో పెట్టింది. “ఎవరైనా కొత్తవాళ్లొస్తే ఇవ్వు ఖాలా.”

“మళ్లీ ఎప్పుడొస్తావే?”

“చూద్దాం ఖాలా.”

తిరిగి వచ్చేవాళ్లు ఫలానా వారం వస్తామంటారు. చూద్దామన్నవాళ్లు ఎన్నడూ రాలేదు. ఆ పిల్ల కట్ట ఎక్కి కనుమరుగయ్యేదాకా జహీదా చూస్తూ ఉండిపోయింది.

ఎనిమిది గంటలకు ఫ్లెక్సీ చూసి వచ్చిన తల్లిదండ్రుల వరుస కట్ట దాకా సాగింది. ఎన్ని గంటలు చదివిస్తారు, హాస్టలుందా, వారం వారం పరీక్ష ఉంటుందా అని అడుగుతున్నారు. ముందున్న తల్లికి జహీదా ఆ డిస్కు అందించి, “ఒక్కసారి మీ పాపని విసరనివ్వండమ్మా” అంది. పాప చెయ్యి చాచింది. తల్లి డిస్కు అటూ ఇటూ తిప్పి, పెదవులు కదుపుతూ అంకెలు కూడుకుని, వెనక్కిచ్చేసింది.

“ఇదొద్దండీ. మైనస్ ఉంది.”

దరఖాస్తులు ఇంకా ఇస్తూనే ఉన్నారు. పాఠకులు తమ పిల్లల మార్కుల జాబితాలు వెంట తెచ్చుకోవలసిందిగా మనవి. పిల్లల్ని తీసుకురావలసిన అవసరం లేదు.